పోరుపోతు, ఎనిమిది పోగులు

పండుగ పూట ఇంటి ఖర్చు తగ్గాలంటే ఏం చేయాలి? ఆదివారం అనుబంధాల వాళ్లు చెబుతూనే ఉంటారు. ముందుగా జాబితా రాసుకోవాలట. కడుపునిండా తిని బజారుకు వెళ్లాలట. చుట్టాలెందరో లెక్కేసి బియ్యం కొలవాలట. అన్నీ ఉత్త మాటలు! నా మాట వినండి. పండుగ ఖర్చు తగ్గాలంటే ఊళ్లో సమ్మె ఉండాలి. అదీ ఒకరిద్దరు చేసే సమ్మె కాదు, సకల జనులూ చేసే సమ్మె!

నవ్వకండి. మొన్నటి నలభై రెండు రోజుల తెలంగాణ సమ్మెలో మా జనగామ వంటిళ్లు నేర్చుకున్న పొదుపు ఏ పుస్తకంలోనూ లేదు.

బస్సులు లేవు. బస్సులు లేకపోతే చుట్టాలు రారు. చుట్టాలు రాకపోతే బియ్యం డబ్బా మూత తెరిచినప్పుడల్లా మనసుకు ఎంత హాయి! బొగ్గుబాయిల్లో ఎవరూ దిగలేదు కాబట్టి కరెంటు లేదు. కరెంటు లేకపోతే మిక్సీ తిరగదు. మిక్సీ తిరగని ఇంట్లో ఏ ఇల్లాలైనా మూడు రకాల తొక్కులు నూరుతుందా? ఒక్కటి రోట్లో వేసి దంచి, అదే మూడు పూటలా వడ్డిస్తుంది.

ఇక దుకాణాలు. పొద్దంతా మూసి, సాయంత్రం ఒక్క గంట సగం షట్టర్ ఎత్తేవారు. నడుం వంచి ఆ సందులోంచి దూరి, సెల్‌ఫోన్ వెలుతురులో కందిపప్పు అడిగే మనిషికి అక్కర్లేని బిస్కెట్ ప్యాకెట్ కొనాలని అనిపిస్తుందా? ఉప్పు కోసం వెళ్లి షాంపూతో తిరిగొచ్చే జబ్బు ఆ నెలన్నరలో ఊరంతా నయమైపోయింది.

అన్నిటికీ మించింది రిలే నిరాహార దీక్ష! ఇంటాయన పొద్దున తొమ్మిదికి వెళ్లి టెంటులో కూర్చుంటే సాయంత్రం ఐదు దాకా ఒక మనిషి భోజనం ఆదా. ఐదు దాటాక ఇంటికొచ్చి ఇద్దరి భోజనం చేసేవాడనుకోండి. పొదుపును అంత లోతుగా తవ్వి చూడకూడదు.

ఇంకా అనుమానమేనా? అయితే సరోజన సంగతి వినాల్సిందే.

రైల్వే గేటు అవతల ఒక సందులో ఉంటుంది సరోజన. ఆమె భర్త ప్రతాప్ ప్రభుత్వ హైస్కూల్లో ఇరవై రెండేళ్లుగా జీవశాస్త్రం చెబుతున్నాడు. సమ్మె రోజుల్లో చౌరస్తా టెంటులో ఉపన్యాసాలు చెప్పాడు. రెండు చోట్లా ఒకటే గొంతు. మధ్యమధ్యలో బల్ల మీద అరచేత్తో కొట్టడం కూడా రెండు చోట్లా ఒకటే.

వాళ్ల కుటుంబంలో దసరాకు వంతులున్నాయి. ఒక్కో ఏడాది ఒక్కో ఇంట్లో అందరూ కలిసి తినాలి. కిందటేడు వంతు ప్రతాప్ అక్క భూదేవిది. ఆమె భర్త గట్టయ్య భూపాలపల్లిలో బొగ్గుబాయి కార్మికుడు. ఆ దసరాకు భూదేవి తలకాయ కూర వండింది, బోటి వండింది, కార్జం వేయించింది, ఎముకల పులుసు పెట్టింది. అంతా అయ్యాక, చుట్టాలు చెప్పులు వేసుకుంటుండగా, గుమ్మంలో నిలబడి మరదలితో ఒక్క మాట అంది.

"వచ్చేసారి మీ ఇంటికాడ గదా సరోజన. నా గురించి ఫికర్ చెయ్యకు. పప్పు పెట్టినా తింట."

పైకి చూస్తే ఎంత మంచి మాట! సరోజన ఆ మంచి మాటను ఏడాదిపాటు మోసింది. పప్పు పెట్టినా తింటానన్న మనిషికి నిజంగానే పప్పు పెడితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. ఆ పప్పు రాబోయే పదేళ్ల పెళ్లిళ్లలో, ఒడిబియ్యాల్లో, తొట్టెల పండుగల్లో మళ్లీ మళ్లీ వడ్డన అవుతుంది.

అందుకే శ్రావణంలోనే పని మొదలుపెట్టింది. శ్రావణమాసంలో సగం ఊరు నీసు ముట్టదు. ఎవరూ కొననప్పుడు మేక ధర ఎక్కడుంటుంది? కిందనే ఉంటుంది! తమ ఇంటితో కలిపి సందులో ఏడు ఇళ్లను కూడగట్టింది. జనగామ అంగడిలో ఒక మేకపోతును కొనిపించింది. దసరా పొద్దున దాన్ని కోసి ఎనిమిది పోగులు పెట్టాలి. పోగు అంటే తెలుసు కదా. మోదుగాకుల మీద సమానంగా కుప్పలు వేస్తారు. ప్రతి కుప్పలోనూ మెత్తటి కండ ఉండాలి, ఎముక ఉండాలి, కార్జం ముక్క ఉండాలి. ఎవరికీ ఎక్కువా తక్కువా కాకూడదు. ఏడు ఇళ్లు, ఎనిమిది పోగులు. పండుగ వంతు తనదే కాబట్టి రెండు పోగులు సరోజనవి. తలకాయ కూడా ఆమెదేనని అందరూ ఒప్పుకున్నారు.

పోతును ఎంచింది చందూలాల్. ఆయన ఆర్టీసీ డ్రైవరు. పుట్టింది మానుకోట దగ్గర తండాలో. మేకను నడిపించి చూసి ఎన్ని కిలోలు తూగుతుందో చెప్పగలడు. ఆయన, ఆయన భార్య కాళి సరోజనకు గోడ పక్క ఇంటివాళ్లు. పోతును కాళి పెరట్లోనే కట్టేశారు. నల్లటి పోతు. నుదుటి మీద రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ. దానికి ఎవరూ పేరు పెట్టకూడదని సరోజన ఏడిళ్ల పిల్లలకూ గట్టిగా చెప్పింది. పేరున్నదాన్ని కూర వండలేం కదా!

ఎంత పకడ్బందీ ప్లాను! సమ్మె మొదలైంది.

బస్సు డిపోలో ఆగింది. చందూలాల్ వెళ్లి చౌరస్తా టెంటులో కూర్చున్నాడు. పోతుకు మేత చూసే మనిషి లేడు. రెండో రోజు నుంచి దాన్ని కూడా వెంట తీసుకెళ్లి టెంటు వెనక గుంజకు కట్టేశాడు. అక్కడ దొరికింది అసలు నిధి! రిలే దీక్షలో కూర్చునే పన్నెండు మందికి పొద్దున్నే బంతిపూల దండలు వేస్తారు. సాయంత్రం నిమ్మరసం తాగించి దండలు తీసేస్తారు. రోజుకు పన్నెండు దండలు! దీక్షలో కూర్చున్నవాళ్లు పొద్దంతా ఏమీ తినలేదు. వాళ్ల మెడలోని దండలు మాత్రం పోతు తిన్నది. పదిహేను రోజుల్లో దాని వీపు అరుగులా వెడల్పయింది. పైసా ఖర్చు లేదు. సరోజన రోజూ సాయంత్రం టెంటు దాకా వెళ్లి, భర్త ఎలా ఉన్నాడో చూసే నెపంతో పోతు ఎలా ఉందో చూసి వచ్చేది.

ఒక సోమవారం చౌరస్తాలో దిష్టిబొమ్మ దహనం పెట్టారు. గడ్డితో నిలువెత్తు బొమ్మ చేశారు. ప్యాంటు తొడిగారు, చొక్కా తొడిగారు. కిరోసిన్ తేవడానికి ఒకాయన వెళ్లాడు. బంద్ కదా, కిరోసిన్ దొరకడానికి గంట పట్టింది. ఈలోపు తాడు విప్పుకున్న పోతు వచ్చి దిష్టిబొమ్మ కుడికాలు తినేసింది. తర్వాత ఎడమకాలు మొదలుపెట్టింది. నినాదాలు ఇస్తున్న జనం ఒక్క క్షణం ఆగి, రెట్టింపు గొంతుతో మళ్లీ అందుకున్నారు. విలేఖరులు ఫోటోలు తీశారు.

తెల్లారి జిల్లా పేజీలో నాలుగు కాలాల ఫోటో వచ్చింది. కింద పెద్ద అక్షరాలు: 'దిష్టిబొమ్మను నమిలేసిన పోరుపోతు!'

పేరు పెట్టేశారు!

ఇక అది మేక కాదు. మెడలో నల్ల బ్యాడ్జీ, కొమ్ములకు రిబ్బన్లు, వీపు మీద 'జై తెలంగాణ' అట్ట. ర్యాలీల్లో ముందు నడిచింది. రాస్తారోకోలో రోడ్డు మధ్య పడుకుని నెమరేసింది. పక్క ఊళ్ల శిబిరాల వాళ్లు ఒక రోజుకు పంపమని అడగడానికి వచ్చారు. ఒకాయన దాని దగ్గర నిలబడి కవిత చదివాడు. కవిత కాగితాన్ని అది తిన్నది. ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

సరోజన ఇవన్నీ ఓర్చుకుంది. బాగా మేసి, బాగా నడిచిన మేక మాంసం రుచిగా ఉంటుందనుకుంది.

దసరా ఇంకా నాలుగు రోజులుందనగా, మధ్యాహ్నం ఆమె అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. చౌరస్తా మైకులో ప్రతాప్ గొంతు వినిపిస్తోంది. ఎప్పుడూ వినేదే కాబట్టి ఆమె వినడం లేదు. ఉన్నట్టుండి బల్ల మీద దెబ్బ పడింది. ఆ వెంటనే, "రాష్ట్రం వచ్చేదాక ఈ పోరుపోతు మీద కత్తి పడదని మీ అందరి ముంగట ప్రతిజ్ఞ చేస్తున్న" అన్నాడు. చప్పట్లు రైల్వే గేటు దాటి వచ్చాయి.

సరోజన చేతిలో చాట అలాగే ఆగిపోయింది.

సాయంత్రం ప్రతాప్ ఇంటికొచ్చాడు. ఆమె చెంబుతో నీళ్లిచ్చింది. కాళ్లు కడుక్కున్నాక అడిగింది.

"మైకుల ఏదో అన్నవట."

"ఆవేశంల వచ్చింది" అన్నాడాయన. "జనం లేసి నిలబడి చప్పట్లు కొట్టిన్రు."

"గా చప్పట్లే కుక్కర్ల పెడ్త. ఎన్ని కూతలకు ఉడుకుతయో చెప్పు."

ప్రతాప్ ఈసారి ఉద్యమ దసరా చేసుకుందామని, పప్పు, వంకాయ వండితే సరిపోతుందని, అక్క ఏమీ అనుకోదని, పోయినేడు తనే పప్పు పెట్టినా తింటానందని గుర్తు చేశాడు. మగవాళ్లు ఇంత ధైర్యంగా ఎలా మాట్లాడగలరు? రోజంతా తినకుండా కూర్చోవడం వల్ల కావచ్చు!

చీకటి పడకముందే మిగతా వాటాదారులు ఒక్కొక్కరుగా వచ్చారు. అందరికంటే వేడి మీద ఉన్నవాడు కిరాణా కొట్టు సోమయ్య. మైకులో అన్నవాడు మైకులోనే వాపసు తీసుకోవాలన్నాడు. కుదరదన్నాడు ప్రతాప్. ఆ రోజుల్లో మాట వాపసు తీసుకున్నవాణ్ణి ద్రోహి అనేవారు. ద్రోహి అన్న మాట చౌరస్తా నుంచి రైల్వే గేటు దాకా రావడానికి ఎంతసేపు పడుతుంది? బస్సులు లేకపోయినా సరే, పది నిమిషాలు!

అలా రెండు రోజులు పోరుపోతు కాళి పెరట్లో పడుకుని, సందు వాళ్లందరి వైపూ దర్జాగా చూసింది. భూపాలపల్లి నుంచి భూదేవి ఫోన్ చేసింది. బస్సులు లేవని దిగులు పడొద్దని, గట్టయ్య ఒక డీసీఎం వ్యాను మాట్లాడాడని, వ్యాను ఎలాగూ ఖాళీగా వస్తుంది కాబట్టి దారిలో గట్టయ్య తరఫు చుట్టాలను, వాళ్ల వియ్యపురాలిని కూడా ఎక్కించుకొస్తున్నామని చెప్పింది. పదకొండు మంది అనుకున్న చుట్టాలు పందొమ్మిది మంది అయ్యారు. బంద్ వల్ల చుట్టాలు రారని పైన ఎవరో రాసినట్టున్నారు. ఆ వాక్యం కొట్టేసుకోండి!

సద్దుల బతుకమ్మ రోజు పొద్దున ప్రతాప్ ఫోన్ మళ్లీ మోగింది. ఈసారి హైదరాబాద్ నుంచి. ఒక పెద్ద నాయకుడు తెల్లారి జనగామ శిబిరానికి వస్తున్నాడు. ఆయన పేరు నేను చెప్పను, పార్టీ మీరు అడక్కండి. పేపర్లో పోరుపోతు ఫోటో చూసి ఆయన చలించిపోయాడట. దాన్ని తనతో హైదరాబాద్ తీసుకుపోయి, రాష్ట్రం వచ్చేదాకా తన బంగ్లాలోనే కట్టేసుకుంటాడట.

ఈ వార్త సరోజనకు ఎలా చెప్పాలో తెలియక ప్రతాప్ గంటసేపు పెరట్లో తిరిగాడు. చివరికి చెప్పాడు. ఏడుస్తుందనుకున్నాడు. ఆమె అడిగినవి మూడే ప్రశ్నలు.

"అందరి ముంగటనే తీస్కపోతడా?"

"అవ్."

"ఫోటోలు తీస్తరా?"

"తీయరా మరి."

"రేపు ఎన్నిగొట్టంగ వస్తడు?"

పదకొండుకని, అంటే ఎలా చూసినా రెండవుతుందని ప్రతాప్ చెప్పాడు. సరోజన కొంగు నడుముకు చుట్టుకుని గోడ అవతలికి వెళ్లింది. పాపం, దుఃఖం కాళితో పంచుకోవడానికి వెళ్లిందనుకున్నాడు.

సరోజన బుర్రలో తిరిగింది ఇది. పోరుపోతు జనగామలో ఉన్నంతకాలం దాని మీద కత్తి ఎత్తడం కుదరదు. కానీ ఊరందరి కళ్ల ముందూ అది కారెక్కి వెళ్లిపోతే? ప్రతిజ్ఞ కూడా దానితోపాటే కారెక్కుతుంది. మర్నాడు ఈ సందులో కోసింది ఏ మేకో ఎవరు అడుగుతారు? ఎవరికి అవసరం? కావలసిందల్లా, కారెక్కడానికి ఇంకో మేక.

కాళి పెరట్లో ఆ ఇంకో మేక ఉంది. గోధుమరంగు ఆడమేక. రెండేళ్లుగా ఈనలేదు, పాలివ్వలేదు. తండా నుంచి తెచ్చుకున్నది కదా అని కాళి అమ్మలేకపోయింది. ఈ మధ్య పోరుపోతు తినగా మిగిలిన దండలు మేసి అదీ బాగానే ఒళ్లు చేసింది.

"తీస్కపో అక్క" అంది కాళి. "తినుడే గని ఇచ్చుడు ఎరుకలేదు దానికి."

ఊరికే తీసుకోనంది సరోజన. పోతు తలకాయ, నాలుగు కాళ్లు కాళివన్నది. తలకాయ కూరతో భూదేవి నోరు మూయించాలని ఏడాదిగా అనుకున్న మనిషి ఆ మాట అనడానికి ఎంత గుండె కావాలి! కాళి దాని తాడు విప్పి సరోజన చేతిలో పెట్టింది.

మర్నాడు పొద్దున్నే పని. ప్రతాప్ శిబిరానికి వెళ్లగానే ఆడవాళ్లిద్దరూ మేకను పెరట్లో నిలబెట్టారు. పండుగకు వేసుకుందామని ప్రతాప్ దాచుకున్న తలరంగు ప్యాకెట్లు మూడు. సోమయ్య సగం షట్టర్ కిందినుంచి అందించినవి ఐదు. ఎనిమిది పోగులకు ఎనిమిది ప్యాకెట్లు! పాత బ్రష్షులతో ముక్కు నుంచి తోక దాకా రుద్దారు. మేక కళ్లు మూసుకుని సుఖపడింది. నుదుటి మీద సున్నంతో రూపాయి బిళ్ల పెట్టారు. నడుము చుట్టూ 'సకల జనుల సమ్మె' బ్యానరు కట్టి, చూడకూడనిదంతా కప్పేశారు. మెడలో తంగేడు, గునుగు దండలు నాలుగు వేశారు. దూరం నుంచి చూస్తే అచ్చం పోరుపోతు. దగ్గరికెళ్లి చూస్తే పేరంటానికి బయల్దేరిన ముసలమ్మ.

అసలు పోతును సరోజన ఇంటి స్నానాల గదిలో పెట్టి గడియ వేశారు. అది అరిస్తే వినపడకుండా సోమయ్య తన ఇంటి మీద బ్యాటరీ మైకులో బతుకమ్మ పాటలు పెట్టాడు. రెండింటికి కదా వచ్చేది, అప్పటికి రంగు ఆరుతుందిలే అనుకున్నారు.

ఇప్పుడు చెప్పబోయేది మీరు నమ్మరు. మేకకు రంగు వేయడం దాకా నమ్మి ఉంటారు. ఇది మాత్రం నమ్మరు. నాయకుడు చెప్పిన టైముకే వచ్చాడు!

సరిగ్గా పదకొండు. రంగు ఇంకా తడితడిగా ఉంది. చందూలాల్ గాబరాగా మేకను నడిపించుకొచ్చాడు. వెనక సరోజన, కాళి. నాయకుడు తెల్లటి ఖద్దరులో కారు దిగి, జనాన్ని చీల్చుకుంటూ వచ్చి, ఎవరూ ఆపేలోపే వంగి మేకను గట్టిగా కౌగిలించుకున్నాడు. కెమెరాలు మెరిశాయి. ఆయన లేచాడు. ఛాతీ మీద నల్లగా మేక ఆకారం. అరచేతులు రెండూ నలుపు.

నాయకుడు తన చేతుల వైపు చూసుకున్నాడు. జనం కూడా చూశారు. నినాదాలు ఆగిపోయాయి. చందూలాల్ డిపో వైపు చూశాడు, బస్సుంటే ఎక్కి పారిపోదామన్నట్టు.

నాయకుడు ఊరికే నాయకుడవుతాడా? నల్లటి చేతులు రెండూ పైకెత్తి మైకు ముందుకొచ్చాడు. ఇది రంగు కాదన్నాడు. ఇది నిరసన అన్నాడు. నోరులేని జీవి కూడా ఒళ్లంతా నల్ల బ్యాడ్జీ కట్టుకుందన్నాడు. చౌరస్తా దద్దరిల్లింది! అంతటితో ఆగితే బాగుండేది. మేక గడ్డం పట్టుకుని ముఖం పైకెత్తాడు.

"ఈ పోతు పౌరుషం చూడున్రి. ముప్పై ఏండ్ల రాజకీయంల ఎంతమందినో చూసిన. గింత మగతనం ఎన్నడు చూడలె."

మేక ఆయన జేబులోని కాగితం లాగి నెమ్మదిగా నమిలింది.

రాష్ట్రం తెచ్చిననాడు ఈ పోతును మళ్లీ ఇదే చౌరస్తాకు తెచ్చి అప్పజెబుతానని మాటిచ్చి, నాయకుడు దాన్ని కారెక్కించమన్నాడు. ప్రతాపే ముందుకొచ్చి వెనక కాళ్లు పట్టి ఎత్తాడు. ఎత్తుతుంటే బ్యానరు పక్కకు జరిగింది. ప్రతాప్ కళ్ల ముందు, జానెడు దూరంలో, పొదుగు!

ఇరవై రెండేళ్లుగా క్షీరదాల బొమ్మలు బోర్డు మీద గీస్తున్న మనిషి. గుర్తుపట్టడా? మేకను అలాగే పట్టుకుని జనంలోకి చూశాడు. సరోజన కనిపించింది. ఆమె రెప్ప వేయకుండా ఆయన వైపే చూసింది. ప్రతాప్ బ్యానరు సర్ది, తాడు విప్పి చందూలాల్ చేతికిచ్చి, మేకను కారులోకి నెట్టి, తలుపు వేసి, మైకు అందుకుని మూడుసార్లు జై తెలంగాణ అన్నాడు. ఆయన గొంతులోని వణుకు విని జనం ఉద్వేగం అనుకున్నారు.

దసరా పొద్దున సందులో మోదుగాకుల మీద ఎనిమిది పోగులు పడ్డాయి. అంత కొవ్వు పట్టిన పోతును చందూలాల్ జన్మలో చూడలేదట. డీసీఎం వ్యాను వచ్చింది. పందొమ్మిది మంది దిగారు. సరోజన రెండు పోగులతో కార్జం వేయించింది, ఎముకల పులుసు పెట్టింది, గసగసాలు నూరి కూర వండింది. కరెంటు లేదు కాబట్టి మసాలా అంతా రోట్లో దంచిందే. ఆ రుచి మిక్సీలో వస్తుందా?

భూదేవి ముందు తమ్ముణ్ణి చూసి కళ్లు ఒత్తుకుంది. సమ్మె దిగులుతో వెంట్రుకలన్నీ నెరిసిపోయాయని అందరికీ చూపించింది. ప్రతాప్ తలరంగు అప్పటికే హైదరాబాద్ చేరింది. తర్వాత ఆమె విస్తరి ముందు కూర్చుంది. కార్జం ముక్క నోట్లో పెట్టుకుని, నమిలి, ఇంకోటి పెట్టుకుని, అప్పుడు నోరు తెరిచింది.

"నేను పండుగకని గాదు, పేపర్ల చూసిన గా పోరుపోతును చూద్దమని వచ్చిన. నిన్ననే తీస్కపోయిన్రట గదా. ఏడున్నా సల్లగుండాలె."

"సల్లగుండాలె" అన్నాడు సోమయ్య, మర్యాదకు వచ్చి గుమ్మంలో నిలబడి. ప్రతాప్‌కు పొలమారింది.

గట్టయ్య మూడోసారి కూర వేయించుకున్నాడు. వెళ్లేముందు భూదేవి గుమ్మంలో ఆగింది. సరోజన ఎదురుచూసింది.

"ఉప్పు జర తక్కువైంది" అంది భూదేవి.

ఉప్పు! ఇంకేమీ దొరకలేదన్నమాట! సరోజన ఆ రాత్రి ఏడాది తర్వాత కంటినిండా నిద్రపోయింది.

చూశారు కదా, సమ్మె ఎంత వరమో? మేత ఖర్చు దండలు పెట్టాయి, చుట్టాల ముందు పరువు నిలిచింది. ఇక్కడితో ముగిస్తే ఎంత బాగుండేది!

సమ్మె ఆగింది. రాష్ట్రం రాలేదు. బస్సులు కదిలాయి. దీపావళి మర్నాడు టీవీలో కింద అక్షరాలు పరుగెత్తాయి: 'నాయకుడి బంగ్లాలో ఈనిన పోరుపోతు. కవల పిల్లలు క్షేమం.'

ప్రతాప్ ఆ రోజు బడికి వెళ్లలేదు. జీవశాస్త్రం సారుగా తను బతికి ఉండగా ఒక పోతు ఈనిందని జిల్లా అంతా చూసింది. ఇక అయిపోయిందనుకున్నాడు. సరోజన టీవీ ముందు నుంచి కదల్లేదు. సాయంత్రం నాయకుడు విలేఖరులను పిలిచాడు. చెరో చంకలో ఒక మేకపిల్ల. ఇది మామూలు విషయం కాదన్నాడు. ఒక్క కడుపున రెండు పిల్లలు పుట్టాయంటే, ఒక్క రాష్ట్రం రెండు కావడం ఖాయమని దేవుడే చెప్పాడన్నాడు. అందరూ రాసుకున్నారు. పోతు ఎలా ఈనిందని ఒక్కరంటే ఒక్కరైనా అడిగారా? నాయకుడికే రాని అనుమానం వాళ్లకెందుకు వస్తుంది?

కాళి వచ్చి సరోజన గుమ్మంలో కూర్చుంది. ఒట్టిపోయిందనుకున్న మేక రెండేళ్ల తర్వాత సూడిది అయింది. ఒళ్లు చేసిందనుకున్నారు గానీ కడుపు తడిమి చూడలేదు. ఒకటి కాదు, మూడు జీవాలు వెళ్లిపోయాయి. టీవీలో చూస్తే పిల్లలు రెండూ ఆడవేనని కాళి గుర్తుపట్టింది. తలకాయ, నాలుగు కాళ్లు ఎప్పుడో అరిగిపోయాయి.

సరోజన ఊరుకోలేదు. ప్రతాప్‌ను కూర్చోబెట్టి ఉత్తరం రాయించింది. ఎవరి పరువూ పోకుండా, చాలా జాగ్రత్తగా రాశాడాయన. తమ బంగ్లాలో ఉన్న జీవాన్ని కన్నబిడ్డలా సాకింది జనగామలోని కాళి అనే పేదరాలని, తల్లిని తమరే ఉంచుకుని ఒక్క పిల్లను ఆమెకు ఇప్పించాలని. కింద కాళి సంతకం పెట్టింది.

ఇరవై రోజులకు జవాబు వచ్చింది. మందపాటి కాగితం, పైన నాయకుడి రంగుల ఫోటో. కాళి చేతులు తుడుచుకుని గోడ దగ్గరికి వచ్చి ఏమన్నాడని అడిగింది. సరోజన చదివింది. 'సోదరుడు శ్రీ కాళి గారికి, జనగామ ప్రజల్ని నేను పేరుపేరునా ఎరుగుదును. మీ పోతు క్షేమంగా ఉంది. మీలాంటి మొనగాళ్లే ఉద్యమానికి బలం.'

మేకపిల్ల సంగతి అందులో లేదు. సరోజన కాగితాన్ని తిప్పి వెనక కూడా చూసింది.

కాళి ఖాళీ గుంజకు వేలాడుతున్న తాడు తీసి చుట్ట చుట్టింది. దానికి నల్లరంగు ఇంకా పోలేదు.

"పోనీ అక్క" అంది. "నన్ను గూడ పోతును చేసిండు."

కాబట్టి ఇల్లాళ్లారా, సమ్మె వస్తే భయపడకండి. శ్రావణంలో కొనండి, దండలతో మేపండి, మసాలా రోట్లో దంచండి. ఒక్క జాగ్రత్త మాత్రం మరవొద్దు. నాయకులకు ఏదైనా ఇచ్చే ముందు దాని కడుపు ఒకసారి తడిమి చూసుకోండి. తీసుకునేవాళ్లు ఎలాగూ చూడరు.